నెల రోజుల కన్నడ పఠనం: కొన్న పుస్తకాలు, చదివిన పుటలు, కొన్ని సందేహాలు

ప్రశ్న: తెనాలి పాఠకురాలు

అందరికీ నమస్కారం. నేను తెనాలిలో పుట్టి పెరిగాను. ఉద్యోగం కారణంగా ఆరేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. కూరగాయల బండి దగ్గరా ఆటోలోనూ సరిపోయేంత కన్నడం ఈ ఆరేళ్లలో పట్టుబడింది గానీ, ఆ భాషలో ఒక్క పుటైనా కుదురుగా కూర్చుని చదివింది లేదు. మేము అద్దెకున్న ఇంటి యజమాని తల్లిగారికి 82 ఏళ్లు. ఇంట్లో అందరూ పిలిచినట్లే నేనూ ఆమెను అజ్జి అంటాను. నిరుటి నుంచి ఆమెకు చూపు మందగించి, రోజూ పొద్దున పత్రిక చదువుకునే అలవాటు తప్పిపోయింది. అక్టోబరు చివరలో ఒకరోజు ఆమె పత్రిక నా చేతికిచ్చి చదవగలవా అని అడిగారు. లిపి మన లిపికి దగ్గరే కదా అన్న ధైర్యంతో మొదటి పేజీలోని వార్త ఒకటి గట్టిగా చదివాను. అక్షరాలన్నీ దాదాపు సరిగానే పలికాను. విన్న అజ్జికి వార్త పూర్తిగా అర్థమైంది, చదివిన నాకు మాత్రం సగం కూడా అర్థం కాలేదు. ఇన్నేళ్లుగా అన్నం పెడుతున్న ఊరి భాషను అక్షరాల వరకే తెలుసుకుని ఊరుకున్నానే అన్న బాధ ఆ రోజంతా నన్ను వదలలేదు. నవంబరు నెల మొత్తం కన్నడానికే ఇవ్వాలని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

ఆ నెల ఎలా గడిచిందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా సందేహాలన్నీ దానిలోంచి పుట్టినవే. ఉదయం అరగంట అజ్జికి పత్రిక చదవడం, రాత్రి భోజనాలయ్యాక గంటసేపు నా కోసం నేను చదువుకోవడం అనే నియమం పెట్టుకున్నాను. లిపి నాలుగు రోజుల్లో చేతికి వచ్చింది. క, త, శ వంటి కొన్ని అక్షరాల రూపం వేరు, తలకట్టు తీరు వేరు. మనం గుడిని గుడిదీర్ఘంగా మార్చి రాసేచోట వాళ్లు హ్రస్వాన్ని అలాగే ఉంచి పక్కన విడిగా దీర్ఘం గుర్తు పెడతారు. 'ధర్మ' అని రాయవలసి వచ్చినప్పుడు రేఫను అక్షరానికి కుడిపక్కన పెట్టే పద్ధతి చూసి మొదట తడబడ్డాను. తరువాత మా తాతగారి పాత పుస్తకాల్లో కనిపించే వలపలగిలక గుర్తుకొచ్చి, ఇది మనం వదిలేసినదీ వాళ్లు నిలుపుకున్నదీ అని తెలిసి ఎంతో సంతోషించాను.

అసలు కష్టం మాటల దగ్గర మొదలైంది. కన్నడ వాక్యం నడక మన వాక్యం నడకే. 'నిన్న వచ్చిన మనిషి' అనే మాటను వాళ్లు అదే వరుసలో 'నిన్నె బంద మనుష్య' అంటారు. అందువల్ల ఎంత పొడుగు వాక్యమైనా దాని ఎముకల గూడు నాకు కనిపిస్తుంది, దాని మీద కండ ఏదో మాత్రం తెలియదు. తెలిసిన మాటే కదా అనుకున్నది వేరే అర్థంతో ఎదురవడం ఇంకా పెద్ద చిక్కు. 'ఊట' అంటే భోజనం, 'బెట్ట' అంటే కొండ, 'మర' అంటే చెట్టు, 'కాడు' అంటే అడవి, 'మాడు' అంటే చేయడం, 'సాకు' అంటే చాలు, 'ఎత్తు' అంటే ఎద్దు. ఒక కథలో పల్లెటూరి మనిషి కాడులోకి వెళ్లాడని చదివి, మన కాడు అంటే శ్మశానం కాబట్టి ఎవరో చనిపోయారనుకుని రెండు పుటల దాకా ఆ చావు కోసం వెతుకుతూ చదివాను. అలాంటి మాటల కోసం ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీశాను: కన్నడ మాట, దాని అర్థం, నేను పొరబడిన తెలుగు మాట. నెల చివరికి దానిలో 412 మాటలు చేరాయి.

మాట్లాడడంలోనూ తెలుగు నన్ను పట్టుకుంటోంది. అజ్జి కూతురు ఊరి నుంచి వచ్చినప్పుడు మా అబ్బాయితో "అమ్మ బంతు" అన్నాను, మనం "అమ్మ వచ్చింది" అన్నట్లుగా. బంతు అనేది వస్తువులకూ జంతువులకూ వాడే క్రియ అనీ, ఆడమనిషికి "బందళు" అనాలనీ, గౌరవంగా అయితే "బందరు" అనాలనీ అజ్జి నెమ్మదిగా దిద్దారు. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ ఒకే క్రియారూపం ఉందన్న సంగతి నలభై ఏళ్లు తెలుగు మాట్లాడిన నాకు ఆ పూటే మొదటిసారి స్పష్టంగా తెలిసింది.

ఇక పుస్తకాలు. నవంబరు 1 కర్ణాటక రాజ్యోత్సవం కాబట్టి ఆ నెలంతా ఇక్కడ కన్నడ పుస్తకాల మీద రాయితీలు ఉంటాయి. గాంధీబజారులో రెండుసార్లు, అవెన్యూ రోడ్డు పాతపుస్తకాల దుకాణాల్లో ఒకసారి తిరిగి, 3,260 రూపాయలకు 17 పుస్తకాలు కొన్నాను. వాటిలో కథల సంపుటాలు 4, నవలలు 6, వచనాల (బసవన్న వంటి శివభక్తుల చిన్న రచనల) సంకలనాలు 2, పిల్లల కథలు 2, వ్యాకరణం 1 ఉన్నాయి. వ్యాఖ్యానంతో కూడిన కవి డి.వి.జి. గారి పద్యాల పుస్తకం 'మంకుతిమ్మన కగ్గ', గద్యానువాదంతో పాత కన్నడ కవి పంపని కావ్యం ఒకటి కూడా తెచ్చుకున్నాను. పూర్తిగా చదివినవి పిల్లల పుస్తకాలు రెండే. అవి కాక మూడు కథలు, పూర్ణచంద్ర తేజస్వి నవల 'కర్వాలో'లో సగం అయ్యాయి. మొదటి రోజు ఒక పుటకు 50 నిమిషాలు పట్టింది. నెల చివరికి 15 నిమిషాలకు వచ్చింది. కగ్గ తెరిచి నాలుగు పద్యాలు చదివేసరికి అది నేను నేర్చుకుంటున్న కన్నడం కాదని అర్థమై మూసివేశాను.

నాకు మూడు విషయాల్లో మీ అనుభవం కావాలి. తెలుగులోకి వచ్చిన కన్నడ నవలలు చాలానే ఉన్నాయి కదా, మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవడం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? హళెగన్నడం, అంటే పాత కన్నడం, నాలాంటివారు ఎప్పుడు మొదలుపెట్టవచ్చు? చదివే వేగాన్ని మించి పుస్తకాలు కొనడం నాకు దిగులు కలిగిస్తోంది. ఈ 17 పుస్తకాల్లో ముందు ఏవి పట్టుకోవాలో, ఏవి పక్కన పెట్టాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1: రాయదుర్గం మాస్టారు

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మాది రాయదుర్గం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వెళ్లింది, మా రాయదుర్గమూ ఆదోనీ ఆలూరూ ఆంధ్రలో ఉన్నాయి. గీత ఎక్కడ గీసినా మా వీధిలో రెండు భాషలూ అలాగే మిగిలాయి. మా ఇంట్లో తెలుగు, గోడకు అవతలి ఇంట్లో కన్నడం. 31 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. పక్క గదిలో కన్నడ మాధ్యమం పిల్లలు పాఠం వల్లిస్తుంటే నా తరగతి పిల్లలు చెవి అటు పెట్టేవారు.

మీ మూడు గడుల నోటుపుస్తకం మంచి పని. అయితే అందులో పొరబాట్లు మాత్రమే చేరుతున్నాయి. పోలికలకు కూడా ఒక పుస్తకం పెట్టండి. రెండు భాషల మధ్య ధ్వనులు మారిన దారులు కొన్ని ఉన్నాయి. అవి తెలిస్తే నిఘంటువు తెరవవలసిన పని చాలా తగ్గుతుంది. మన మాట మొదట్లోని పకారం కొత్త కన్నడంలో హకారమైంది: పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పండు హణ్ణు, పల్లె హళ్ళి, పది హత్తు, పొగ హొగె, పొట్ట హొట్టె. మన వకారం వాళ్ల దగ్గర బకారం: వెల బెలె, వేరు బేరు, వేప బేవు, విల్లు బిల్లు, విడు బిడు. ఇ, ఎ వంటి అచ్చుల ముందు మూల ద్రావిడంలో ఉన్న కకారాన్ని కన్నడం నిలుపుకుంది, మనం చకారం చేసుకున్నాం: కివి చెవి, కై చేయి, కెరె చెరువు, కెడు చెడు. మన మాట చివరి అకారం వాళ్లకు తరచుగా ఎకారం: తల తలె, వెల బెలె. బెలె అనే ఒక్క చిన్న మాటలో ఈ దారులు రెండు కలిసి కనిపిస్తున్నాయి చూడండి. కొత్త మాట ఎదురైనప్పుడు నిఘంటువు దాకా వెళ్లకుండా, హ తీసి ప పెట్టి, బ తీసి వ పెట్టి ఒకసారి పలికి చూడండి. పది మాటల్లో మూడు నాలుగింటికి అయినా మీ అమ్మమ్మ వాడిన తెలుగు మాట బయటికి వస్తుంది.

మీరు పొరబాటు మాటలుగా రాసుకున్నవాటిలో కూడా కొన్ని అసలు పరాయివి కావు. మరకూ మన మ్రానుకూ చుట్టరికం ఉంది. కాడు అనే మాట కన్నడ, తమిళాల్లో అడవిగా నిలిచింది, మన దగ్గర శ్మశానానికి మిగిలింది. ఎత్తు, ఎద్దు ఒకే మాట. ఊట మాత్రం నిజంగా వేరు: వాళ్ల ఊట 'ఉణ్ణు', అంటే తినడం, నుంచి పుట్టింది. మన ఊట నీరు ఊరడం నుంచి పుట్టింది. ఈ రెండు రకాలనూ విడదీసి రాసుకుంటే మీకు మాటలు మనసులో నిలుస్తాయి. చుట్టరికం ఉన్న మాటను మరిచిపోవడం కష్టం.

అనువాదాన్ని పక్కన పెట్టుకుని చదవడం నాకు సమ్మతం కాదు. తెలుగు చదవడం మీకు ఊపిరి తీసుకున్నంత తేలిక. పక్కన తెలుగు పుట తెరిచి ఉంటే కన్ను అటే వెళుతుంది, కన్నడం పుట బొమ్మలాగా మిగిలిపోతుంది. మా పిల్లలు కూడా గైడు పక్కన పెట్టుకుని పాఠం చదివామని చెప్పేవారు. అధ్యాయం మొత్తం మూలంలో, అర్థమైనంత వరకు, ఆగకుండా చదవండి. మర్నాడు అదే అధ్యాయం నిఘంటువుతో చదవండి. ఆ తరువాతే, మీకు తెలిసిందేమిటో సరిచూసుకోవడానికి అనువాదం తెరవండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కన్నడ రచయితల్లో ప్రాంతాల మాటతీరు చాలా బలంగా ఉంటుంది. బేంద్రేగారి కవిత్వంలో ధారవాడ మాట, వైదేహిగారి కథల్లో కుందాపుర మాట వినిపిస్తాయి. దేవనూరు మహాదేవగారి 'కుసుమబాలె' కన్నడం ఇంటి భాషగా ఉన్నవారికే తేలిక కాదు. ఇవన్నీ గొప్ప రచనలు, ఎప్పటికైనా చదవవలసినవి. మొదటి సంవత్సరంలో మాత్రం వాటి జోలికి వెళ్లి, అర్థం కాకపోతే లోపం మీదేనని అనుకోవద్దు. తేజస్విగారి దగ్గర మొదలుపెట్టడం మంచి ఎంపిక. ఆయన ప్రసిద్ధ కవి కువెంపుగారి కుమారుడైనా తండ్రి భాషను అనుకరించలేదు. మూడిగెరె తోటల్లో మనుషులు మాట్లాడుకున్నంత నేరుగా రాశారు. 'కర్వాలో'లో ఎగిరే తొండ కోసం అడవిలో వెతుకుతున్నవాళ్ల వెంట పాఠకుడూ నడుస్తాడు కాబట్టి, తెలియని మాట దగ్గర ఆగబుద్ధి కాదు.

అజ్జికి పత్రిక చదవడం మాత్రం ఏ కారణంతోనూ మానకండి. మీ నెలలో అన్నిటికన్నా విలువైన పని అదే అని నా నమ్మకం. చదివిన ప్రతి వార్తనూ చివర మీ మాటల్లో రెండు వాక్యాల్లో ఆమెకు తిరిగి చెప్పండి. దిద్దడానికి ఆమె ఉన్నారు.

జవాబు 2: ఛందోభిలాషి, కరీంనగర్

మాస్టారు చెప్పిన ధ్వని మార్పుల మాట అక్షరాలా నిజం. అనువాదం విషయంలో మాత్రం కొంత భేదిస్తాను, అదీ పాత కన్నడం వరకే. కొత్త నవలకు అనువాదం ఊతకర్ర అవుతుంది, ఒప్పుకుంటాను. కానీ పంపని కావ్యాన్ని గద్యానువాదం లేకుండా కన్నడిగులే చదవరు. మనం నన్నయను టీకాతాత్పర్యాలతో చదవడం లేదా? కాబట్టి మీరు కొన్న ఆ పుస్తకం దండగ ఖర్చు కాదు, దాన్ని చివరి అరలోకి తోసేయవద్దు.

హళెగన్నడం ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగారు. తెలుగు పద్యం చదివే అలవాటు ఏ మాత్రం ఉన్నా ఇప్పుడే మొదలుపెట్టవచ్చునని నా అభిప్రాయం. వినడానికి వింతగా ఉన్నా, కొన్ని విషయాల్లో మనకు కొత్త కన్నడం కన్నా పాత కన్నడమే దగ్గర. మాస్టారు చెప్పిన పకారం హకారంగా మారడం పదో శతాబ్ది తరువాత క్రమంగా వ్యాపించిన మార్పు. పంపని కాలపు భాషలో పాలు 'పాల్', పులి 'పులి'గానే ఉన్నాయి. అంటే హ తీసి ప పెట్టుకునే శ్రమ కూడా అక్కడ ఉండదు. ఇక ఛందస్సు పూర్తిగా మన ఇంటిదే. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, స్రగ్ధర, మహాస్రగ్ధర అనే ఆరింటిని వాళ్లు ఖ్యాత కర్ణాటక వృత్తాలంటారు. రెండో అక్షరానికి ప్రాస అక్కడా నియమమే. కందం అయితే రెండు భాషల్లోనూ ఒకే అడుగుతో నడుస్తుంది. అర్థం తెలియకముందే పద్యం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఊగుతుందో మీ చెవికి తెలిసిపోతుంది. సంస్కృత సమాసాలు మనకు ఎలాగూ అలవాటే.

నాకు ఈ ఆసక్తి పుట్టించింది మా జిల్లా కొండ ఒకటి. పంపడు వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉన్నవాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు మా గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద, జైన దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల శిల్పాల కింద, సంస్కృత కన్నడ తెలుగు భాషలు మూడింటిలోనూ శాసనం చెక్కించాడు. అందులోని తెలుగు భాగం మూడు కందపద్యాలు. నన్నయకు దాదాపు వంద సంవత్సరాల ముందు కందం తెలుగులో ఎంత నిండుగా నడిచిందో చూపే సాక్ష్యం ఆ రాయి. దాన్ని చెక్కించినవాడి అన్న కన్నడానికి ఆదికవి. ఆ గుట్ట ఎక్కి వచ్చిన రోజు నుంచి కన్నడం నేర్చుకోవడాన్ని పరాయి భాష నేర్చుకోవడంగా నేను ఎన్నడూ అనుకోలేదు.

ఆచరణలో నా సలహా ఇది. వారానికి ఒక్క కందపద్యం తీసుకోండి. ముందు గణాలు విడదీయకుండా పదిసార్లు పైకి చదవండి, ఆ తరువాత గద్యానువాదం చూడండి, ఆదివారం నాటికి కంఠస్థం చేయండి. ఏడాదికి యాభై పద్యాలు అవుతాయి, అవి చాలు. వచనాల సంకలనాలు రెండు కొన్నానన్నారు. వాటిని ఈ రెండు కన్నడాల మధ్య వంతెనగా వాడుకోండి. బసవన్న వచనం చాలావరకు చిన్నదే, చివర 'కూడలసంగమదేవ' అన్న అంకితంతో, అంటే మన మకుటం లాంటి మాటతో, ముగుస్తుంది కాబట్టి, ఒక్క కూర్చోవడంలో ఒక రచన పూర్తిగా చదివిన తృప్తి కలుగుతుంది. ఈ దారిలో రాకపోకలు రెండు వైపులా జరిగాయి. మన పాల్కురికి సోమనాథుడు బసవని కథను ద్విపదలో తెలుగు చేస్తే, దాన్ని ఆధారం చేసుకుని భీమకవి 1369లో కన్నడంలో రాశాడు. మీకు కన్నడం చదవడం వచ్చాక ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసే రోజు తప్పక వస్తుంది.

కగ్గను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అది 1943లో వెలువడినా దాని పలుకుబడిలో పాత కన్నడం పాలు ఎక్కువ. పై అభ్యాసం ఆరు నెలలు చేసి తెరిస్తే దానంతట అదే పలుకుతుంది.

జవాబు 3: కోలారు వాసి, ప్రస్తుతం హైదరాబాదు

నేను మీరు నడుస్తున్న దారిలోనే ఎదురుగా వచ్చినవాడిని. నా ఇంటి భాష కన్నడం, తెలుగు పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఈ జవాబులో తప్పులుంటే దిద్దమని మనవి.

మీరు "అమ్మ బంతు" అన్నందుకు బాధపడవద్దు. హైదరాబాదు వచ్చిన కొత్తలో మా ఇంటి పెద్దావిడ గురించి "వచ్చింది" అనడానికి నాకు నోరు రాలేదు. మా భాషలో ఆ రూపం మనిషిని వస్తువుగా చేయడమే. చాలా రోజులు ప్రతి ఆడమనిషికీ, చిన్నపిల్లలకు కూడా, "వచ్చారు" అనే అన్నాను. ఇంతకన్నా ఎక్కువగా నన్ను వేధించింది 'మేము, మనం' తేడా. కన్నడంలో రెండింటికీ 'నావు' ఒక్కటే. ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లి, "మనం రేపు ఊరికి వెళ్తున్నాం" అని మా కుటుంబం గురించి చెబితే, ఆయన తనను కూడా పిలుస్తున్నానని అనుకుని సెలవు పెట్టడానికి సిద్ధమయ్యారు. మీకు ఈ కష్టం చదివేటప్పుడు తిరగబడి వస్తుంది. కథలో ఒక పాత్ర 'నావు' అన్నప్పుడు ఎదుటివాణ్ణి కలుపుకుంటోందా వదిలేస్తోందా అన్నది వాక్యంలో ఉండదు, సందర్భంలో వెతకాలి. మా కథకులు కొందరు ఆ అస్పష్టతను కావాలనే వాడుకున్నారు. తెలుగులోకి అనువదించేవారు అక్కడ ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. అనువాదం పక్కన పెట్టుకోవద్దని మాస్టారు చెప్పడానికి ఇది ఇంకొక కారణంగా తీసుకోండి.

భాష ఇంటిది కాకపోతే సాహిత్యంలోకి పూర్తిగా వెళ్లలేమన్న సంకోచం మీ మాటల్లో ఎక్కడో కనిపించింది. మా కోలారు జిల్లా మాస్తి గ్రామానికి చెందిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటి భాష తమిళం, ధారవాడ బేంద్రే ఇంటి భాష మరాఠీ. ఇద్దరూ కన్నడంలో రాసే జ్ఞానపీఠం అందుకున్నారు. మీ నాలుగు కథా సంపుటాల్లో మాస్తిగారిది ఉంటే ముందు అదే తెరవండి. ఆయన కథ చెప్పే తీరు ఇంటి అరుగు మీద కూర్చుని పెద్దవారు చెప్పినట్లు ఉంటుంది. మీ అజ్జికి చదివి వినిపించడానికి పత్రిక కన్నా అది బాగుంటుంది.

జవాబు 4: అవెన్యూ రోడ్డు నేస్తం

పుస్తకాల కొనుగోలు గురించి మాత్రమే చెబుతాను. 17 పుస్తకాల్లోంచి 3 తీసి బల్ల మీద పెట్టుకుని, మిగతా 14 కంటికి కనిపించని చోట, బీరువాలో, ఉంచండి. ఒకటి పూర్తయితేనే ఒకటి బయటికి రావాలి. ప్రతి పుస్తకం మొదటి పుటలో కొన్న తేదీ, పూర్తి చేసిన తేదీ రాయండి. పాతపుస్తకాల దుకాణంలో కొన్నవాటి కుట్టు ఒకసారి చూసుకుని, వదులుగా ఉంటే చదవడం మొదలుపెట్టకముందే బైండింగు చేయించండి. నిఘంటువు చేతిలో పట్టుకుని తిప్పుతూ ఉంటే పట్టుదల సడలిపోతుంది. ఫోనులో 'అలర్' అనే కన్నడ-ఇంగ్లీషు నిఘంటువు ఉచితంగా దొరుకుతుంది, రోజువారీ చదువుకు అది సరిపోతుంది. పాత మాటలకు 1894 నాటి కిట్టెల్ నిఘంటువు ఇప్పటికీ అవసరమే. మాస్టారు చెప్పిన చుట్టరికాలు వెతకాలంటే బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు అంతర్జాలంలో ఉంది. తెలుగు మాటతోనే వెతకవచ్చు.

ప్రశ్న వేసినవారి నుంచి: తెనాలి పాఠకురాలు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. వెంటనే జవాబివ్వకుండా, పది రోజులు మీరు చెప్పినవి చేసి చూసి రాస్తున్నాను.

మాస్టారూ, రెండో నోటుపుస్తకం మొదలుపెట్టాను. మొదటి రోజే 'హొస' అనే మాట దగ్గర ఆగి, హ తీసి ప పెట్టాను. 'పొస' అని వచ్చింది. కొత్త అనే అర్థంలో అలాంటి మాటేదీ మా ఇంట్లో వినలేదు, ఈ సూత్రం ఇక్కడ పనిచేయలేదనుకున్నాను. ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెరిస్తే పాత కన్నడంలో అది 'పొస'గానే ఉందని తెలిసింది. తెలుగు మాట దొరకకపోయినా సూత్రం సరైనదే. ఇంతకు ముందు నేను దాటేసిన 'హగలు'ను 'పగలు'గా గుర్తుపట్టడానికి మాత్రం ఏ నిఘంటువూ అక్కరలేకపోయింది. నా పాత నోటుపుస్తకంలోని 412 మాటలనూ మళ్లీ వరుసగా చూస్తున్నాను. ఇప్పటికి 150 చూస్తే 38 మాటలు పొరబాటు గడిలోంచి చుట్టరికం గడిలోకి మారాయి.

అనువాదం విషయంలో మీ మాటే పాటించాను. కర్వాలో మిగిలిన సగాన్ని ఏ అనువాదమూ చూడకుండా నిన్న రాత్రి ముగించాను. చివరి ఇరవై పుటలకు నిఘంటువు తెరవలేదు. తెలియని మాటలు లేవని కాదు, ఆగి వెతకడానికి మనసొప్పలేదు. పుటకు ఇప్పుడు 11 నిమిషాలు పడుతోంది. బల్ల మీద మిగిలినవి మాస్తిగారి కథలు, ఒక వచనాల సంకలనం. మిగతావన్నీ బీరువాలో ఉన్నాయి. పంపని పుస్తకం ఒక్కటి మాత్రం ఆదివారాలు బయటికి వస్తుంది. మొదటి కందం కంఠస్థం చేశాను. దాన్ని అజ్జి ముందు చదివితే ఆమె అర్థం పూర్తిగా చెప్పలేకపోయారు గానీ, బడిలో తమ పంతులుగారు పద్యం చదివిన రాగం గుర్తు తెచ్చుకుని అదే పద్యాన్ని ఆ రాగంలో నాకు వినిపించారు. మా తెనాలి బడిలో కందం చదివిన వరసకూ దానికీ తేడా ఉంది. ఆ తేడా ఏమిటో చెప్పగలిగేంత సంగీతజ్ఞానం నాకు లేదు కాబట్టి ఫోనులో రికార్డు చేసి ఉంచాను.

ఛందోభిలాషి గారూ, జనవరిలో మా అక్క వాళ్లింటికి వరంగల్లు వస్తున్నాను. అక్కడి నుంచి కరీంనగర్ మీదుగా బొమ్మలగుట్టకు వెళ్లాలని అనుకుంటున్నాం. మాతో మా అమ్మ కూడా ఉంటారు. ఆమెకు మోకాళ్ల నొప్పి ఉంది. శాసనం ఉన్న చోటి దాకా ఆమె ఎక్కగలరా, లేక కింద కూర్చోబెట్టి మేమే వెళ్లి రావడం మంచిదా, దయచేసి చెప్పండి.

జవాబు 5: ఛందోభిలాషి, కరీంనగర్

అమ్మగారిని కింద నీడలో కూర్చోబెట్టడమే మంచిది. రాతి మీద ఎక్కవలసి ఉంటుంది, మోకాళ్లకు శ్రమ. ఉదయం పూటే రండి. ఎండ ఏటవాలుగా పడే సమయంలో రాతి మీది అక్షరాలు బాగా తేలి కనిపిస్తాయి. ఆ మూడు కందాల పాఠం ముందుగా కాగితం మీద రాసుకుని తెచ్చుకోండి. రాతి మీది లిపి ఇప్పటి తెలుగుకూ ఇప్పటి కన్నడానికీ కూడా ముందుది కాబట్టి, కాగితం చేతిలో ఉంటేనే ఒక్కొక్క అక్షరాన్నీ వెంబడించగలుగుతారు. అజ్జిగారి పద్యం రికార్డును కూడా వెంట తీసుకురండి. నేను చదివే వరసతో కలిపి వింటే ఆ తేడా ఏమిటో ఇద్దరం కలిసి పోల్చుకోవచ్చు.